గోడ అవతలి గొంతు

మా షాపుకి కప్పు ఒకటే గానీ కౌంటర్లు రెండు. ఎడమవైపు నేను కూర్చుంటాను. మొక్కజొన్న పిండి, నూనె, సబ్బులు, కపెంటా ఎండుచేపలు, కొవ్వొత్తులు నావి. కుడివైపు మా ఆయన లేమెక్. బీరు, బ్రాందీ, కుదిపి తాగే డబ్బా కల్లు ఆయనవి. మధ్యలో గోడ ఉంది గానీ అది కప్పుదాకా వెళ్ళదు. కట్టిన మేస్త్రీ ఇటుకలు చాల్లేదని మనిషెత్తున ఆపేసి పోయాడు, మళ్ళీ కనబడలేదు. అందుకని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ దాటిపోతుంటాయి. రైల్వే క్వార్టర్లలో సగం కబుర్లు ఆ సందులోంచి పుట్టినవే.

ఎడిత్ నమ్వింగ రోజుకి రెండుసార్లు వచ్చేది. పొద్దున ఒక ఉల్లిపాయ, రెండు గుడ్లు. సాయంత్రం ఒక టమాటా, చిన్న పొట్లంలో కట్టిన ఉప్పు. పాపం పింఛను చాలడం లేదేమో అనుకున్నాను మొదట్లో. ఆవిడకి ఆ ఇబ్బంది లేదని తర్వాత తెలిసింది. ఒకసారి ఉండబట్టలేక, "కిలో ప్యాకెట్టు పట్టుకుపో పెద్దమ్మా, రెండు నెలలు చూసుకోనక్కర్లేదు" అన్నాను.

"రెండు నెలలకి సరిపడా ఉప్పు ఇంట్లో పెట్టుకుంటే, రోజూ నీ మొహం ఏ వంకతో చూడనే?" అంది.

నవ్వుతూనే అంది. కానీ నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటికి ఆవిడకి అరవై ఆరేళ్ళు. సన్నగా, నిటారుగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుందామనుకున్న వయసంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో గడిచిపోయింది. చెవులకి తొడుగు తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చి, ఒక ఊరి మనిషిని ఇంకో ఊరి మనిషితో కలపడం ఆవిడ పని. అలా ఇరవై రెండేళ్ళు చేశాక, నొక్కితే దానంతటదే కలిసే యంత్రం వచ్చింది. బోర్డు ముందు కూర్చునే ఆడవాళ్ళందర్నీ ఇంటికి పంపేశారు. తక్కినవాళ్ళు కోళ్ళు పెంచారు, బట్టలు కుట్టారు. ఈవిడ మాత్రం ఇంట్లో నిశ్శబ్దానికి అలవాటు పడలేకపోయింది. మనుషుల్ని మొహం చూసి కాదు, గొంతు విని గుర్తుపట్టేది. అటు తిరిగి సంచీలో ఏదో వెతుక్కుంటూనే, వెనకాల ఎవరు దగ్గినా పేరు పెట్టి పలకరించేది.

వరండాలో బీరు పెట్టెల మీద కూర్చునేవాళ్ళకి ఆవిడంటే సరదా. కనబడితే చాలు, "హలో! హలో! నంబరు చెప్పండి!" అని అరిచేవాళ్ళు.

"నీ నంబరు నాకు తెలుసులేరా, సున్నా!" అనేది నడక ఆపకుండానే.

మా వైపు అక్టోబరంటే మండుటెండలు. వాన పడితే బాగుణ్ణని కుక్కలు కూడా ఆకాశం కేసి చూసే రోజులు. ఒక బుధవారం పది గంటలకి ఎడిత్ పెద్దమ్మ నా ముందు నిలబడి కపెంటా కొలిపిస్తోంది. అవతల లేమెక్ కౌంటర్ దగ్గర ఎవరో అన్నారు.

"రెండివ్వు తమ్ముడూ. ఒకటి చల్లనిది, ఒకటి చల్లగా లేనిది. చల్లనిది అయ్యేలోపు రెండోది ఎండకే ఎలాగూ చెడుతుంది, ముందే చెడింది తీసుకుంటే బాధుండదు."

లేమెక్ నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. చేతిలో సంచీ జారిపోయింది. దాన్ని వంగి తీసుకోలేదు. గోడ మీద సందుకేసి చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత చేపలు కౌంటర్ మీదే వదిలేసి, తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం రాలేదు.

మర్నాడు పొద్దున వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "నిన్న అటు పక్క మాట్లాడినాయన ఎవరమ్మా? పడమటి వైపు లోజీవాళ్ళ యాస ఉంది చూడు, ఆయన."

లేమెక్‌ని అడిగి చెప్పాను. పేరు లికాండో. ఒకప్పుడు మా ఊళ్ళోనే గూడ్సు బండి గార్డు. తర్వాత లివింగ్‌స్టన్‌కి బదిలీ అయింది. అక్కడ ఒకామెతో కొన్నేళ్ళు కాపురం చేశాడు, పొసగలేదు. రిటైరయ్యాక పాత స్నేహితుడెవరో పెరట్లో గది ఇస్తానంటే తిరిగొచ్చాడు. ఒంటరి మనిషి. రోజూ పదింటికి వస్తాడు, రెండు సీసాలు తాగుతాడు, ఎవరితోనూ గొడవ పడడు.

ఆ రోజునుంచీ పెద్దమ్మ పొద్దుటి రాక పది గంటలకి మారింది. ఉల్లిపాయ ఎంచడానికి పావుగంట పట్టేది. సబ్బు వాసన చూసేది, పెట్టేసేది, మళ్ళీ తీసేది. చెవి మాత్రం గోడ మీద. చర్చి ఆడవాళ్ళ సంఘంలో మనిషి, సారా వైపు తొంగి కూడా చూడదు. అలాంటిదాన్ని చూసి నాకు నవ్వొచ్చింది.

"ఏంటి పెద్దమ్మా, ఈ వయసులో? చెప్తే లేమెక్‌తో మాట్లాడిస్తాను. కోడి మాంసం పెట్టి పిలుద్దాం" అన్నాను.

ఆవిడ కళ్ళెత్తి చూసింది.

"అది కాదమ్మా. నేను ఆయనకి అన్యాయం చేశాను" అంది.

గిరాకీ లేని వేళ. పిండి బస్తా మీద కూర్చుని అంతా చెప్పింది.

ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి. లికాండో పెళ్ళాం నసిలెలె కాన్పుకని పుట్టింటికి, మోంగూకి వెళ్ళింది. బిడ్డ దక్కలేదు. కొన్నాళ్ళు అక్కడే ఉంటానంది. ఆమె అన్నకి మోంగూలో బట్టల కొట్టు, అందులో ఫోను ఉండేవి. లికాండో ప్రతి శనివారం నాలుగింటికి స్టేషన్ నుంచి కాల్ బుక్ చేసేవాడు. శనివారం సాయంత్రాలు బోర్డు ముందు ఎడిత్ పెద్దమ్మే ఉండేది. మొదట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేవాళ్ళు. కలపడమే ఈవిడ పని, వినడం కాదు. కానీ కలిసిందో లేదో చూడాలి కదా, ఒకటి రెండు మాటలు చెవిన పడేవి. ఆయన అస్తమానూ ఎప్పుడొస్తావ్, ఎప్పుడొస్తావ్ అనేవాడు. ఆమె వర్షాలు తగ్గనీ అనేది.

ఒక శనివారం, లైను ఇంకా ఆయనకి కలపకముందే, నసిలెలె ఎడిత్‌తో మాట్లాడింది. ఎవరూ ఎత్తలేదని చెప్పమంది. బతిమాలింది.

"నేను చెప్పాను. 'మోంగూ పలకడం లేదండీ' అన్నాను. ఆయన, 'సరే చెల్లెమ్మా, థాంక్యూ, వచ్చే వారం చూద్దాం' అన్నాడు. వచ్చే వారం ఆమె మళ్ళీ అదే మాట. మళ్ళీ నేనూ అదే మాట. అలా పదకొండు శనివారాలు. పన్నెండో శనివారం ఆయన కాల్ బుక్ చెయ్యలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు."

"నీ తప్పేముంది పెద్దమ్మా? పెళ్ళాం చెప్పమంది, చెప్పావు."

"పదకొండుసార్లూ థాంక్యూ చెప్పాడమ్మా నాకు."

ఇప్పుడు ఆయనకి చెప్పెయ్యనా అని అడిగింది. వద్దన్నాను. ఆ మనిషి ఎప్పుడో మానిపోయిన పుండుతో బతుకుతున్నాడు, దాన్ని గిల్లి నువ్వేం బావుకుంటావు అన్నాను. ఆవిడ తల ఊపింది. నా మాట విన్నదనే అనుకున్నాను.

నవంబరు రెండో వారంలో మొదటి వాన పడింది. మాకు మొదటి వాన జల్లుగా రాదు, మీద పడిపోతుంది. వరండాలో ఉన్నవాళ్ళందరూ సీసాలు పట్టుకుని లోపలికి దూరారు. లేమెక్ వైపు చోటు చాలక లికాండో నా వైపు వచ్చాడు. పొడుగాటి మనిషి, తడిసిన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎలాగూ వచ్చాను కదా ఒక బ్రెడ్డు, కొవ్వొత్తులు ఇమ్మన్నాడు. పెద్దమ్మ ఆయన పక్కనే, జానెడు దూరంలో ఉంది. రేకుల మీద వాన చప్పుడుకి చెవులు గింగురుమంటున్నాయి.

నేను కళ్ళతో వద్దని సైగ చేశాను. ఆవిడ నాకేసి చూడనే లేదు.

"మీరు శనివారాలు మోంగూకి ఫోన్ చేసేవారు" అంది.

ఆయన తిరిగాడు. ఎగాదిగా చూశాడు. "మీరెవరమ్మా?"

"ఎక్స్ఛేంజ్‌లో ఉండేదాన్ని. పలకడం లేదండీ అని చెప్పింది నేనే."

ఆయన మొహంలో ముందు చిన్న నవ్వు వచ్చింది, పాతకాలం మనిషి కనబడితే వచ్చే నవ్వు. "ఓహో, నువ్వా చెల్లెమ్మా! ఎన్నిసార్లు విసిగించానో నిన్ను. దిక్కుమాలిన లైను..."

"లైను బాగానే ఉందన్నా. ఆమె ఎత్తింది."

ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు.

"ఎన్నిసార్లు?"

"పదకొండుసార్లూ."

ఆయన బ్రెడ్డుని చంకలో పెట్టుకున్నాడు. తర్వాత, "ఏమంది?" అన్నాడు.

పెద్దమ్మ చెప్పింది. ఆ చెప్పడం నేను ఎప్పటికీ మర్చిపోను. నోట్లోంచి వచ్చింది ఆవిడ గొంతు కాదు. పడుచుపిల్ల గొంతు. మాట చివర కాస్త సాగదీసే లోజీ యాస. "అక్కా, ఎవరూ ఎత్తలేదని చెప్పవా? నీకు పుణ్యముంటుంది. నేను మాట్లాడితే ఆయన దగ్గరికి వెళ్ళిపోవాల్సొస్తుంది. నేను వెళ్ళలేను."

లికాండో కౌంటర్ పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ గొంతు అలా వినబడితే ఎవరైనా అంతే.

"ఏడ్చిందా?"

"రెండుసార్లు. తక్కినప్పుడు మామూలుగానే చెప్పింది."

"నేను ఫోను పాడైందనుకున్నాను" అన్నాడాయన. కోపంగా అనలేదు, నాకు లెక్క అప్పజెబుతున్నట్టు నావైపు చూసి అన్నాడు. "మోంగూకి రైలు లేదు. లుసాకా వెళ్ళి బస్సెక్కాలి, వారం సెలవు పెట్టాలి. పాడైన ఫోను కోసం ఎవడు పెడతాడమ్మా సెలవు? బాగయ్యాక మాట్లాడొచ్చులే అనుకున్నాను. వద్దనుకుంటోందని తెలిస్తే ఆ రోజే వెళ్ళేవాణ్ణి. ఎందుకని అడగడానికైనా వెళ్ళేవాణ్ణి." టోపీకున్న నీళ్ళు దులిపాడు. "వెళ్ళేలోపు ఇంకొకణ్ణి కట్టుకుందని తెలిసింది. తర్వాత పోయిందని తెలిసింది."

టోపీ పెట్టుకున్నాడు. వానలోనే వెళ్ళిపోయాడు. బ్రెడ్డు చంకలో ఉంది, కొవ్వొత్తులు కౌంటర్ మీదే మిగిలాయి.

పెద్దమ్మ నావైపు తిరిగి, "చెప్పకపోతే బాగుండేదంటావా?" అంది. నేను ఆయన వదిలేసిన కొవ్వొత్తులు తీసి సర్దుకున్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది ఏదో ఒకటి. ఇప్పటికీ ఆ మాట నన్ను గుచ్చుతుంటుంది.

ఆ తర్వాత లికాండో మా షాపుకి రావడం మానేశాడు. పట్టాలు దాటి, అవతలి వీధి కొట్టుకి పోయేవాడని లేమెక్ చెప్పాడు. అక్కడ బీరు చల్లగా ఉండదు, కూర్చోడానికి నీడ కూడా లేదు. అయినా అక్కడికే.

పెద్దమ్మ మాత్రం పది గంటలకి వచ్చేది. ఏదో ఒకటి కొనుక్కుని, అవతలి చప్పుళ్ళు కాసేపు విని, వెళ్ళిపోయేది. వరండాలోవాళ్ళు హలో హలో అంటే తిరిగి అనేది కాదు. రెండు మూడు వారాలకి వాళ్ళూ మానేశారు. క్రిస్మస్‌కి నేను కోడికూర గిన్నెలో పెట్టి తీసుకెళ్ళాను. గుమ్మంలోనే అందుకుంది. లోపల రేడియో పెద్దగా మోగుతోంది, రెండు స్టేషన్ల మధ్యలో ముల్లు ఇరుక్కుని గరగరమంటోంది. "తిప్పమంటావా?" అంటే, "వద్దులే, అలా ఉంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది" అంది.

వానలు తగ్గాక, ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున, లికాండో వచ్చాడు. లేమెక్ వైపు కాదు, నా వైపు. పదిన్నర. పెద్దమ్మ అక్కడే ఉంది. ఆయనకి ఆ సంగతి తెలిసే వచ్చాడనుకుంటాను. మంచి కోటు తొడుక్కున్నాడు.

నాతో కాదు, ఆవిడతో మాట్లాడాడు. "మోంగూ వెళ్తున్నాను. రేపు బస్సు."

"మంచిది" అంది ఆవిడ.

"వాళ్ళ ఇంట్లో ఎవరున్నారో తెలీదు. అన్న ఉన్నాడో లేడో. చేతులూపుకుంటూ వెళ్ళకూడదు కదా. ఏం తీసుకెళ్ళాలి?" కోటు జేబుల్లో చేతులు పెట్టి తీశాడు. "ఇంత ఆలస్యంగా వెళ్ళేవాడు ఏం తీసుకెళ్తాడో నాకు తెలీదు."

పెద్దమ్మ ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి, నన్ను అది తీయి, ఇది తీయి అని పురమాయించడం మొదలుపెట్టింది. పంచదార రెండు కిలోలు. టీ ఆకు, చిన్నది కాదు పెద్దది. ఉప్పు. నూనె డబ్బా. బట్టల సబ్బు బద్దలు నాలుగు. "అది కాదమ్మా, ఆ నీలం రంగుది, వాసన మంచిదుంటుంది." కొవ్వొత్తుల కట్ట. నా దగ్గర పైన వేలాడుతున్న, ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే చితెంగే గుడ్డల్లోంచి ఒకటి దించమంది, విప్పి, వెలుగులో పట్టుకుని చూసి, ఇంకోటి దించమంది. అరగంట ఎంచింది. అంత ఓపికగా తన కోసం ఎన్నడూ ఏమీ ఎంచుకోలేదు. లికాండో చేతులు కట్టుకుని, పెద్దవాళ్ళు బజారుకి తీసుకొచ్చిన పిల్లాడిలా పక్కన నిలబడ్డాడు.

"గుడ్డ ఎవరికి?" అన్నాడు.

"ఆ ఇంట్లో ఏ ఆడది ఎదురొస్తే ఆమెకివ్వు. ఎవరని అడక్కు."

అట్టపెట్టెలో అన్నీ సర్ది, తాడు కట్టి ఇచ్చాను. ఆయన దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు వెళ్ళొస్తానని గానీ వెళ్ళిరా అని గానీ చెప్పుకోలేదు.

మూడు వారాలకి తిరిగొచ్చాడు. ఎండబెట్టిన నదిచేప పెద్దది, కాగితంలో చుట్టి తెచ్చాడు. నా కౌంటర్ మీద పెట్టి, "ఆవిడొస్తే ఇవ్వమ్మా" అన్నాడు. ఉండమన్నాను. పెద్దమ్మ రావడానికి ఇంకో పది నిమిషాలే ఉంది. ఉన్నాడు.

ఆవిడొచ్చాక చెప్పాడు. అన్న చనిపోయాడు. కొట్టు ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు. నసిలెలె మేనకోడలు ఒకతి ఉంది, చితెంగే ఆమెకిచ్చాడు. నసిలెలె సమాధి ఆమే చూపించింది. గడ్డి పీకి, కొవ్వొత్తులు వెలిగించాడు.

"ఎందుకు రానందో తెలిసిందా?" పెద్దమ్మ అడిగింది.

"ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు." చేపని ఆవిడ వైపు కొంచెం జరిపాడు. "నీ మీద కోపం పోయిందని చెప్పను చెల్లెమ్మా. కానీ వెళ్ళొచ్చాను."

"అంతే చాలన్నా."

ఆ తర్వాత ఆయన మళ్ళీ మా వరండాలోనే కూర్చునేవాడు. పెద్దమ్మ వస్తుంటే టోపీ ఎత్తేవాడు. ఆవిడ తల ఊపేది. అంతే. ఇద్దరూ కలిసి ఒక కప్పు టీ తాగింది నేను చూడలేదు. నేను మనసులో ఎన్నో అనుకున్నాను, ఇద్దరూ ఒంటరివాళ్ళే కదా అని. మనం అనుకున్నట్టు అవ్వవు.

మరుసటి ఏడు, మాకు చలికాలమైన జూలైలో, పొద్దున్నే చేతులు కొంకర్లుపోయే చలిలో, లికాండో పోయాడు. గుండెల్లో చలి చేరిందన్నారు. లివింగ్‌స్టన్ నుంచి మేనల్లుడు పెళ్ళాంతో వచ్చి పనులన్నీ చూశాడు. షాపు మూసి లేమెక్, నేను వెళ్ళాం. పెద్దమ్మ నాతో వచ్చింది. మగవాళ్ళు బయట నెగడు చుట్టూ, ఆడవాళ్ళు లోపల చాపల మీద. పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అందరూ పాడుతుంటే పాడింది. ఏడవలేదు.

మేనల్లుడి పెళ్ళాం గంజి పోస్తూ మా వరస దగ్గరికొచ్చింది. మర్యాదగానే అడిగింది. "మీరు మామయ్యకి ఏమవుతారమ్మా?"

నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ గ్లాసు రెండు చేతుల్తో అందుకుంది.

"ఏమీ కానమ్మా. ఒకే షాపులో సరుకులు కొనుక్కునేవాళ్ళం."

ఆ అమ్మాయి తల ఊపి పక్కవాళ్ళకి పోయడానికి వెళ్ళింది. పెద్దమ్మ గంజి చల్లారేదాకా చేతుల్లోనే పట్టుకుని కూర్చుని, తర్వాత మెల్లగా తాగింది.